రాత్రి ఎనిమిదింటి ఫోన్

కరోనాతో బడులు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది నేనే. పిల్లలకు ఫోన్ చేసి, ఎవరు చూశారో రాసుకునేదాన్ని.

ఒకబ్బాయి రోజూ "చూశాను మేడమ్" అనేవాడు. ఏం చెప్పారురా అంటే ఉలుకూ పలుకూ ఉండదు. దసరా అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. కేబుల్ డబ్బులు కట్టలేక టీవీ ఆగిపోయింది. ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పోయి రాత్రికి వస్తుంది. వీడేమో నడుముకు సంచి కట్టుకుని పత్తి ఏరుతున్నాడు. నోట్‌బుక్ తెరిచి చూస్తే ప్రతి పేజీలో తేదీ, పాఠం పేరు, కింద స్కేలుతో గీసిన గీత. మిగతా అంతా ఖాళీ. నాకు గొంతు పట్టేసింది. బద్ధకమని ఎంత తేలిగ్గా అనుకున్నాను!

టీవీలో పాఠాలు బాగానే చెప్పారు, దండగ అనను. కానీ అర్థంకాని పిల్లాడి ముఖం టీవీకి కనిపించదు కదా. అది చూడాల్సింది మేమే.

ఆ సాయంత్రం వాకిట్లోనే సరూప త్రిభుజాలు, అంటే ఒకే ఆకారంలో ఉండి సైజు మాత్రం మారే త్రిభుజాలు, మొదలుపెట్టాం. వాళ్లమ్మ కుట్టు టేపుతో కొలిచాం. మీటరు కర్రకు రెండు మీటర్ల నీడ, కరెంటు స్తంభానికి పదహారు. "అయితే స్తంభం ఎనిమిదా?" అన్నాడు, నేను అడక్కముందే.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి వాడే ఫోన్ చేశాడు. "మేడమ్, మా చింతచెట్టు తొమ్మిది మీటర్లు!"