రొయ్య మేత లెక్క తేలిన తీరు

రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీ షేర్లు కొందామనుకున్నాను. మాది భీమవరం పక్క పల్లె. చెరువుగట్ల మీద పెరిగినవాణ్ణి కాబట్టి ఈ వ్యాపారం తెలుసన్న ధైర్యం ఉండేది. తీరా విలువ కట్టడానికి కూర్చుంటే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. దేశంలో ఏటా ఎంత మేత అమ్ముడవుతుంది? అది చెప్పే మార్కెట్ రిపోర్టు ధర మన డబ్బుల్లో మూడు లక్షలు దాటింది. నేను పెట్టబోయే పెట్టుబడే అంత లేదు.

ముందు షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ వెబ్‌సైట్ తెరిచాను. ఐపీఓకు, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి వచ్చే కంపెనీ దాఖలు చేసే ముసాయిదా ప్రాస్పెక్టస్‌లో పరిశ్రమ గురించి పెద్ద అధ్యాయం ఉంటుంది. చాలాసార్లు క్రిసిల్ లాంటి సంస్థలు డబ్బు తీసుకుని రాసిన రిపోర్టే అందులోకి వస్తుంది, మనం పైసా ఖర్చు లేకుండా చదవొచ్చు. కాకపోతే ఆ డబ్బు ఇచ్చింది షేర్లు అమ్మబోయే కంపెనీయే. ఆ సంగతి రిస్కుల అధ్యాయంలో వాళ్లే రాస్తారు. అందుకే గడిచిన ఏళ్ల అంకెలు తీసుకుని, రాబోయే వృద్ధి అంచనాలు వదిలేశాను.

కంపెనీలు అప్పు తీర్చగలవో లేదో అంచనా వేసే రేటింగ్ సంస్థల నోట్లు నాకు అంతకంటే బాగా పనికొచ్చాయి. అప్పిచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తారు కాబట్టి మేతలో వాడే సోయా పిండి ధర పెరిగితే లాభం మార్జిన్ ఏమవుతుందో, చెరువుల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వస్తే అమ్మకాలు ఎలా పడతాయో దాచకుండా చెబుతాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అశ్వత్ దామోదరన్ ఏటా జనవరిలో ఉచితంగా పెట్టే, కంపెనీల మార్జిన్ల లాంటి అంకెల రంగాలవారీ సగటులూ చూశాను. రొయ్యల మేత లాంటి చిన్న వ్యాపారం అక్కడ ఏదో ఒక పెద్ద రంగంలో కలిసిపోతుంది. అక్కడ నాకు దొరికింది తక్కువే.

అసలు అంకె సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎంపెడా దగ్గర దొరికింది. 2023-24లో మన దేశం 7.16 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్యలు ఎగుమతి చేసింది, విలువ 40,013 కోట్ల రూపాయలు. కిలో రొయ్యకు కిలో నాలుగు వందల గ్రాముల మేత అనుకుంటే 10 లక్షల టన్నులు. సంతోషం పట్టలేక చెరువులు చేసే మా బాబాయికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నువ్వు లెక్కేసింది ప్లాంటు నుంచి బయటికెళ్లిన సరుకు. చెరువులో రొయ్యకి తలకాయ ఉంటుంది కదరా!" అన్నాడు.

నిజమే. తల తీస్తే దాదాపు మూడో వంతు బరువు పోతుంది, పొట్టు ఒలిస్తే ఇంకా పోతుంది. ఆ తలకూ మేత పెట్టింది రైతే. ఆ లెక్కన పట్టుబడి 11 లక్షల టన్నులు, మేత 15 లక్షల టన్నుల పైమాట. అయితే తలతోనే పంపేవి, సముద్రంలో వేటాడినవి కూడా ఎగుమతుల్లో ఉంటాయి, కాబట్టి కొంత తగ్గాలి. ఒక్క అంకె కోసం పట్టుబట్టడం మానేసి, 10 నుంచి 15 లక్షల మధ్య అని రాసుకున్నాను.

వార్షిక నివేదికలోని కంపెనీ అమ్మకాలను రెండు చివర్ల అంకెలతోనూ పోల్చాను. మార్కెట్ 10 లక్షలే అయితే కంపెనీ వాటా ఇప్పటికే పెద్దది, ఇంకా పెరగడానికి చోటు తక్కువ. ఆ చోటు మేరకే వృద్ధి వేసి విలువ కట్టాను. షేరు ఆ ధరకు ఇంకా దిగిరాలేదు. ఏటా ఎంపెడా అంకెలు రాగానే బాబాయికి ఫోన్ చేసి, ఆ లెక్క మళ్లీ రాస్తున్నాను.