ఐదు వంతెనల బస్సు

తిరుగు రైల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తంజావూరులో మూడు రోజులు ఉన్నాం. చూడాల్సినవన్నీ చూశాం. కానీ నా మనసంతా ఇంకా తిరువయ్యారు బస్సులోనే ఉంది.

మా అమ్మమ్మ తంజావూరు మేల వీధిలో, బంగారు కామాక్షి గుడి దగ్గర పుట్టింది. పెళ్లయ్యాక నెల్లూరు వచ్చింది. పుట్టింట్లో మాట్లాడింది తెలుగే అయినా చదువుకున్నది మాత్రం అరవం. పులుసును చివరిదాకా కొళంబు అనే అన్నది. నాయక రాజుల కాలంలో అక్కడికి వెళ్లిన కుటుంబం తమదని చెప్పేది. ఆ ఊరు ఒక్కసారి చూపించమని అమ్మ ఎన్నేళ్ల నుంచో అడుగుతోంది. ఈ డిసెంబరు సెలవుల్లో అమ్మ, నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బయలుదేరాం.

ఎగ్మూరులో రైలు మారి తంజావూరు చేరాం. స్టేషను నుంచి రెండు కిలోమీటర్లకు ఆటో అతను రెండు వందలు అడిగాడు. నిద్రలేని ముఖాలతో బేరమాడలేక ఇచ్చేశాం. అమ్మకు తెలిసిన గుర్తు ఒక్కటే, గుడి నుంచి నాలుగో ఇల్లు, రెండు వైపులా అరుగులు. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అమ్మ ఏమీ అనలేదు. గుడిలోకి వెళ్లి అమ్మవారి ముందు చాలాసేపు నిలబడింది. సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి కొలిచిన అమ్మవారు. ఆయన తెలుగు కృతులను మా అమ్మమ్మ వంట చేస్తూ పాడుకునేది.

పెద్ద గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసిన ఆ 216 అడుగుల విమాన గోపురం కింద నిలబడితే మాట రాదు. కాకపోతే మధ్యాహ్నం గర్భాలయం మూస్తారని ముందే తెలుసుకుని వెళ్లండి. మేము కాలే బండల మీద రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. అక్కడి నంది మండపం, సుబ్రహ్మణ్యస్వామి గుడి నాయకుల కాలానివి. ప్రాకారం గోడ మీద, నాయకుల తర్వాత ఏలిన మరాఠా భోంస్లే రాజులు తమ వంశచరిత్రను మరాఠీలో పొడవునా చెక్కించుకున్నారు. అది చూశాక నాకు ఉక్రోషం వచ్చింది. ఇక్కడ ఏలిన నాయక రాజులు రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు తామే తెలుగు కవులు. రంగాజమ్మ కావ్యాలు చెప్పిన కొలువది. క్షేత్రయ్య పదాలు పాడిన ఊరది. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు బోలెడున్నాయి. అయినా మేము తిరిగిన వీధుల్లో ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. మనవాళ్లంతా ఏమైపోయారని ఆ రాత్రి మా ఆవిడతో వాదన కూడా పెట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున పాత బస్టాండులో తిరువయ్యారు టౌను బస్సు ఎక్కాం. అక్కడ టౌను బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, కండక్టరు నా ఒక్కడి దగ్గరే డబ్బులు తీసుకున్నాడు. అమ్మ పక్కన ఎనభై దాటిన ఒకావిడ ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. మొదటి వంతెన రాగానే మా అమ్మాయి, "నానమ్మా, ఇదేనా కావేరి?" అని అడిగింది.

"కాదమ్మా, ఇది వడవారు. ఇంకా నాలుగు వంతెనలు దాటాలి. వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, ఆఖరున కావేరి."

చెప్పింది అమ్మ కాదు, ఆ పెద్దావిడ. మాట చివర కాస్త సాగదీసి పైకి లేపడం, ఆ 'ర' పలికే తీరు, అచ్చం మా అమ్మమ్మే. అమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది. అమ్మమ్మ పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆ గొంతు మళ్లీ వింటామని మేమెవరం అనుకోలేదు.

వెన్నారు దాటేసరికి ఇద్దరూ చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. "ఇంట్లో మాకు ఇదే మాట. మనవలే మానేశారు" అంది ఆవిడ. త్యాగయ్య సమాధి దగ్గర పాడుకోవడానికి వెళ్తోందట. సంచిలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసింది. అక్షరాలన్నీ అరవం. వాటి మీద చీమల్లా చిన్న చిన్న అంకెలు, 2, 3, 4.

"పెద్దమ్మగారూ, ఈ లెక్కలేమిటి?" అంది అమ్మ.

"లెక్కలు కాదు అమ్మాయీ, కీర్తనలు. అరవంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా. క మీద 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. మా అమ్మ నేర్పింది."

అమ్మ ముఖం పాలిపోయింది. అమ్మమ్మ దగ్గర కూడా అలాంటి పుస్తకమే ఉండేది. పాల లెక్కలు, చాకలి పద్దులు అనుకుని ఇంట్లో ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. నేనూ చూడలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ కట్టించిన ఆ సమాధి మందిరంలో పెద్దావిడ సన్నని గొంతుతో రెండు కీర్తనలు పాడింది. అమ్మ పక్కనే కూర్చుని పుస్తకంలో వేలు పెట్టి, అంకెలు చూసుకుంటూ అనుసరించింది. వెనుక కావేరి నిండుగా పారుతోంది.

తిరుగు బస్సులో కుడమురుట్టి వంతెన మీద అమ్మ నెల్లూరుకు, మా మామయ్యకు ఫోను చేసింది.

"ఒరేయ్, అమ్మ ట్రంకు పెట్టె ఇంకా అటక మీదే ఉందా?"

ఉందన్నాడు. లోపల ఏముందో దించి చూడమంటావా అని అడిగాడు.

"వద్దు. నేను వచ్చాక తీద్దాం" అంది అమ్మ.

మా టికెట్లు విజయవాడకు ఉన్నాయి. నెల్లూరులో దిగిపోతున్నాం.