మంట వెలుగుతోంది, ఫ్రిజ్ మాత్రం నమ్మదే!

పాత టెంపో వ్యాన్‌ని క్యాంపర్‌లా మార్చుకుని మైపాడు బీచ్‌కి పోయాం. అందులో ఉన్నది గ్యాస్‌తో నడిచే సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్. కంప్రెసర్ ఉండదు, వెనక చిన్న బర్నర్ వేడికి గొట్టాల్లో అమ్మోనియా ఆవిరై తిరుగుతుంటే లోపల చల్లబడుతుంది.

కేజీ రొయ్యలు పెట్టి స్విచ్ వేశాను. టిక్ టిక్ టిక్, నీలం మంట వచ్చింది, కొన్ని సెకన్లకి టప్పున ఆరిపోయింది. మళ్లీ టిక్ టిక్, మళ్లీ టప్. చివరికి ఎర్ర లైటు వెలిగి మొత్తం లాక్ అయిపోయింది.

"గ్యాస్ అయిపోయుంటుంది బావా, సిలిండర్ మార్చు" అన్నాడు మా బామ్మర్ది. మంట వస్తోందంటే గ్యాస్ వస్తున్నట్టే కదరా అంటే వినడే! మార్చాం. పైపులో చేరిన గాలి పోయేదాకా అసలు వెలగలేదు, వెలిగాక పాత కథే.

ఇంతకుముందు పాత రకం ఫ్రిజ్ ఒకటి చూశాను. నాబ్ నొక్కి పట్టుకుంటే థర్మోకపుల్ (వేడి తగిలితే కాస్త కరెంటు పుట్టించే లోహపు కొన) వేడెక్కి పుట్టే కొన్ని మిల్లీవోల్టులే గ్యాస్ వాల్వుని తెరిచి ఉంచేవి. మాది బోర్డు రకం, అంటే గ్యాస్ వాల్వుని ఎలక్ట్రానిక్ సర్క్యూటే నడుపుతుంది. స్పార్క్ కొట్టిన కడ్డీయే మంట ఉందా లేదా అని కూడా చూస్తుంది. మంటలో అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఉంటాయి కాబట్టి బోర్డు పంపే ఏసీ కరెంటు (అటూ ఇటూ మారుతూ పారేది) దాన్ని దాటగలదు, కడ్డీ చిన్నది, బర్నర్ పెద్దది కావడంతో ఒక వైపుకే ఎక్కువ పారుతుంది. మైక్రోఆంపుల్లో ఉండే ఆ కాస్త డీసీ (ఒకే వైపు పారే కరెంటు) కనపడకపోతే మంట లేదనుకుని బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. భద్రత కోసమే అనుకోండి, కానీ ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది.

పొద్దున్నే సిలిండర్ వాల్వు మూసేసి బర్నర్ విప్పితే పొగగొట్టంలోంచి రాలిన తుప్పు పెచ్చులు గుప్పెడు! దులిపాను. కడ్డీ మీద మసిని సన్నటి సాండ్‌పేపర్‌తో మెల్లగా రుద్దాను, చుట్టూ ఉన్న పింగాణీ పగిలిందేమో చూశాను, బాగానే ఉంది. బిగించి వెలిగిస్తే మళ్లీ టప్.

అప్పుడు తట్టింది, కడ్డీ నుంచి మంట, మంట నుంచి బర్నర్ దాకా వచ్చిన కరెంటు మళ్లీ బోర్డుకి చేరాలిగా! బర్నర్ బ్రాకెట్‌కి బిగించిన ఎర్త్ వైరు లాగితే గట్టిగానే ఉంది, అందుకే అంతవరకు అనుమానం రాలేదు. స్క్రూ విప్పితే కింద గోధుమరంగు చిలుము, ఉప్పుగాలి పుణ్యం. స్పార్క్‌ది వేల వోల్టులు, చిలుముని దూకేస్తుంది, అందుకే టిక్ టిక్ బ్రహ్మాండంగా వచ్చింది. మంటని కనిపెట్టే కరెంటుకి ఆ బలం ఎక్కడిది?

రేకు మెరిసేదాకా గీకి కొత్త స్క్రూ వేసి, గ్యాస్ జాయింట్లకి సబ్బు నురగ పూసి బుడగలు రాలేదని చూసుకుని వెలిగించాను. ఈసారి మంట నిలబడింది. రొయ్యలు మాత్రం రాత్రే పక్క గుడారం వాళ్ల కళాయిలోకి వెళ్లిపోయాయి, పులుసు బాగుందన్నారు.