రౌటర్ కాదు, లోపలి చిప్ చూసి కొన్నాను

కొత్త రౌటర్‌లో నాకు కావాల్సినవి రెండే. వేగం బాగుండాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్‌లో వేసుకునే ఉచిత ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నడవాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా రౌటర్ ఇంకొన్నేళ్లు భద్రంగా పనిచేయాలన్నది నా పట్టుదల. డబ్బా మీది ఏఎక్స్3000, ఏఎక్స్6000 లాంటి అంకెలు అన్ని బ్యాండ్ల గరిష్ఠ వేగాలనూ కూడి వేసినవి. లోపల ఏ చిప్ ఉందో వాటిని బట్టి తెలియదు. అందుకే మోడల్ పేర్లు వదిలేసి చిప్‌ల వారీగా వెతికాను.

బ్రాడ్‌కామ్‌ను మొదట్లోనే పక్కన పెట్టేశాను. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీకి తొలి ఆధారం బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీనే. అయినా ఇప్పటి రౌటర్లలో వచ్చే ఆ కంపెనీ వైఫై చిప్‌లకు పనికొచ్చే ఓపెన్ డ్రైవర్లు (చిప్‌ను నడిపే, కోడ్ అందరికీ తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లు) దాదాపు లేవు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

క్వాల్‌కామ్ దగ్గర చాలాసేపు ఆగాను. పాత ఏథ్9కే చిప్‌లకు విడిగా ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలే అక్కర్లేదు, డ్రైవర్ మొత్తం ఓపెన్. కానీ అవి వైఫై 4 దగ్గరే ఆగిపోయాయి. వైఫై 6 తరం ఐపీక్యూ8074లో నాలుగు కార్టెక్స్-ఏ53 సీపీయూ కోర్లతో పాటు, ప్యాకెట్ల పని చూసే ఎన్‌ఎస్‌ఎస్ కోర్లు వేరుగా ఉంటాయి. అధికారిక ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాటిని వాడుకోదు. భారమంతా సీపీయూ మీదే పడుతుంది.

చివరికి మీడియాటెక్ ఫిలాజిక్ 830 ఉన్నది తీసుకున్నాను. దాని ఎంటీ76 డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది. వైఫై ఫర్మ్‌వేర్ మాత్రం ఇక్కడా మూసి ఉన్న ఫైలే. కొనేటప్పుడు ఎక్కువ టెన్షన్ పెట్టింది హార్డ్‌వేర్ వెర్షన్. ఒకే పేరుతో అమ్మే రౌటర్‌లో వీ1కి ఒక చిప్, వీ2కి ఇంకో చిప్ ఉండొచ్చు. అందుకే అడుగున స్టిక్కర్ మీది వెర్షన్‌ను ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ జాబితాతో పోల్చి చూసుకున్నాకే సీల్ తీశాను. ఫ్లాష్ చేసే ముందు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు, ఫ్యాక్టరీ పార్టిషన్ అనే మెమరీ భాగాన్ని కాపీ చేసి పెట్టుకున్నాను. ఆ రేడియోకే ప్రత్యేకమైన క్యాలిబ్రేషన్ డేటా అందులో ఉంటుంది, పోతే ఇంకోచోట దొరకదు.

వేగం కొలవడానికి ఐపెర్ఫ్3 అనే పరీక్ష ప్రోగ్రామ్‌ను రౌటర్‌లో కాకుండా, వ్యాన్ (ఇంటర్నెట్) వైపు ఒక కంప్యూటర్‌లో, ల్యాన్ (ఇంటి నెట్‌వర్క్) వైపు ఇంకో కంప్యూటర్‌లో నడిపాను. రౌటర్‌లోనే నడిపితే ఆ పరీక్షే దాని సీపీయూని తినేస్తుంది. పక్కన రౌటర్ సీపీయూ వాడకాన్ని చూపే టాప్ అనే ప్రోగ్రామ్ తెరిచి, ప్యాకెట్ల పనికి సీపీయూ ఎంత ఖర్చవుతోందో చెప్పే ఎస్‌ఐఆర్‌క్యూ అంకె చూస్తూ కూర్చున్నాను. ప్యాకెట్ల పనిని చిప్‌లోని వేరే భాగానికి అప్పగించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ వేయగానే అది దాదాపు సున్నాకి పడిపోయింది. ప్యాకెట్లు సీపీయూని తాకకుండానే వెళ్లిపోతున్నాయన్నమాట. చూడ్డానికి ఎంత బాగుందో!

అయితే నాకు ఎస్‌క్యూఎం (లైన్‌లో ప్యాకెట్ల క్యూను అదుపు చేసే సదుపాయం) కూడా కావాలి. పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతున్నా వీడియో కాల్ తెగకుండా కాపాడేది అదే. అందులో ఆ పని చేసే కేక్ అనే పద్ధతి నడవాలంటే ప్రతి ప్యాకెట్టూ దాని కళ్లబడాలి, కాబట్టి ఆఫ్‌లోడ్‌తో అది కుదరదు. నా లైన్ గిగాబిట్‌కి చాలా తక్కువ, ఫిలాజిక్‌లోని నాలుగు సీపీయూ కోర్లు ఆ భారాన్ని తేలిగ్గా మోస్తున్నాయి. అందుకే ఆఫ్‌లోడ్ తీసేసి ఎస్‌క్యూఎం ఉంచుకున్నాను.