నాలుక నున్నబడితే అది వేడి కాదు

"నోరంతా పూసుండాది, బీ కాంప్లెక్స్ మాత్రలియ్యన్నా." కావలిలోనైనా కందుకూరులోనైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది. వేడి చేసిందనుకుని మాత్ర మింగుతాం, పొద్దున మూత్రం పచ్చగా వస్తే మందు పట్టిందనుకుంటాం. ఆ పసుపు బి2ది, అంటే రైబోఫ్లేవిన్‌ది. ఒంటికి అక్కర్లేనిది బయటికి పోతోందని మాత్రమే దానర్థం.

మాత్ర కొనేముందు అద్దం తీసుకుని వాకిట్లో వెలుతురులోకి రండి. నాలుక చాపండి. బాగున్న నాలుక మీద సన్నటి గరుకు, పలచటి తెల్లపూత ఉంటాయి. బి12 గానీ ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే) గానీ బాగా తగ్గితే ఆ గరుకు పోయి నాలుక నున్నగా, ఎర్రగా తేలుతుంది. చేపల పులుసు ముద్ద తగిలితే చాలు, మంట. ఇనుము తగ్గినా నున్నబడుతుంది గానీ ఎక్కువగా పాలిపోయినట్టుంటుంది.

పెదవుల మూలలు రెండువైపులా చీలాయంటే బి2, బి6, ఇనుము, ఏదైనా కావచ్చు. కట్టుడు పళ్లవాళ్లలో మాత్రం చాలాసార్లు అది విటమిన్ గొడవ కాదు. సెట్టు అరిగాక మూలలు ముడతపడతాయి, అక్కడ ఎంగిలి నిలిచి ఫంగస్ చేరుతుంది. దానికి ఫంగస్ మందు పూసి, సెట్టు సరిచేయించుకోవాలి. ఇక ఏ పుండైనా రెండు వారాలు దాటినా మానకపోతే, అందులోనూ గుట్కా, వక్క, ఖైనీ అలవాటుంటే, విటమిన్ మాట పక్కనబెట్టి పళ్ల డాక్టరుకు చూపించాల్సిందే.

అసలు జాగ్రత్తంతా బి12 దగ్గర. నాలుక మంటతో పాటు అరికాళ్లు తిమ్మిరెక్కడం, చీకట్లో అడుగు తూలడం, మతిమరుపు ఉంటే దాన్నే ముందు అనుమానించాలి. పాలూ పెరుగూ అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులకు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసేవాళ్లకు ఒంట్లో బి12 తగ్గుతుంది. షుగరున్నవాళ్లు తిమ్మిరిని షుగరు ఖాతాలోనే రాసేసుకుంటారు, అక్కడే మోసపోతారు.

షాపులో ఇచ్చే మాత్రతో ఇంకో చిక్కు. చాలా బి కాంప్లెక్స్ మాత్రల్లో ఫోలిక్ యాసిడ్, అంటే మందుగా తయారుచేసిన ఫోలేట్, ఉంటుంది (భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో దాని తయారీకి దారి వేశారు). బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా పడితే రక్తం పుంజుకుంటుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

అందుకే మాత్ర మొదలుపెట్టకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. నాలుగు రోజులు మింగి వెళ్తే బి12 అంకె బాగానే కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోపమే, 200 నుంచి 300 మధ్య అయితే అనుమానం. సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క తీసే పరీక్షలో, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 100 దాటితే ఎర్రకణాలు ఉబ్బాయని గుర్తు. కానీ ఇనుము కూడా తగ్గి ఉంటే కణాలు చిన్నవై ఎంసీవీ మామూలుగానే చూపిస్తుంది. మన ఆడవాళ్లలో ఇది తరచూ జరిగేదే కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

లోపం తేలితే సాధారణంగా రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర రాస్తారు. రోజు అవసరం రెండు, రెండున్నర మైక్రోగ్రాములేగా, అంత మోతాదెందుకంటే, పేగులో దాన్ని పట్టుకునే ఏర్పాటు దెబ్బతిన్నా నూటికి ఒక వంతు దానంతటదే రక్తంలోకి జారుతుంది. తిమ్మిర్లుంటే ముందు ఇంజెక్షన్లే. నాలుక కొన్ని వారాల్లో మామూలవుతుంది. తిమ్మిరికి నెలలు పడుతుంది, ఆలస్యం చేస్తే కొంత మిగిలిపోనూవచ్చు.

తిండి విషయానికొస్తే గుడ్డులో అర మైక్రోగ్రాము, గ్లాసు పాలలో ఒకటి వరకూ బి12 ఉంటుంది. చేపల్లో ఇంకా ఎక్కువ, కార్జంలో అన్నిటికన్నా ఎక్కువ. ఆకుకూరల్లో ఫోలేటే గానీ బి12 ఉండదు. చద్దన్నం నిండా బి12 అని వాట్సాప్‌లో తిరిగేదాన్ని నమ్ముకోకండి, అందులో పెరుగు కలిపితే ఆ పెరుగుదే. బి1 సంగతి వేరు. పాలిష్ పట్టిన సన్నాలను నాలుగుసార్లు కడిగి గంజి వారిస్తే ఉన్న కాస్తా తూములో పోతుంది. ఒకటి రెండుసార్లు కడిగి అత్తెసరు పెట్టుకోండి.

కనిగిరి, పొదిలి వైపు పిల్లల పళ్ల మీద కనిపించే గోధుమరంగు చారలకు కూడా ఈ మాత్రలే కొంటుంటారు. అవి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే పడ్డ మచ్చలు. అక్కడ మార్చాల్సింది తాగే నీళ్లని, అదీ పిల్లలకు ఎనిమిదేళ్లు నిండకముందే.