ఏసీ పాయింటు వేయించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను ఏం అడగాలి, పని అయ్యాక ఏం చూసుకోవాలి

ఎండలు ముదిరాయంటే ఎలక్ట్రీషియన్లు దొరకడం కష్టం. ఏసీ కొన్నవాళ్లందరికీ ఒకే వారంలో పాయింటు కావాలి. ఆ హడావుడిలో ఎవరు దొరికితే వాళ్లచేత పని కానిచ్చేస్తాం. గోడలోకి వెళ్లిపోయిన వైరును మళ్లీ తీసి చూసేవాళ్లుండరు. కాబట్టి అడగాల్సినవన్నీ పని మొదలవకముందే అడగాలి.

వైర్‌మన్ పర్మిట్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఉంటే మంచిదే. ఉన్నా లేకపోయినా ఇంకో ప్రశ్న వేయండి: "ఏసీకి ఏ వైరు వేస్తారు, ఎన్ని ఆంప్స్ ఎంసీబీ పెడతారు?" ఎంసీబీ అంటే కరెంటు పరిమితి మించితే తనంతట తానే పడిపోయే (ట్రిప్ అయ్యే) స్విచ్. ఇవన్నీ ఉండే పెట్టే డీబీ బాక్సు. ఒకటిన్నర టన్నుల ఏసీకైతే "డీబీ బాక్సు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ" అనే జవాబు రావాలి. "పక్క ప్లగ్గు నుంచి లాగేద్దాం సార్, ఏం కాదు" అన్నాడంటే ఆ పని అతనికి ఇవ్వకండి. మెటీరియల్ మీరే బిల్లుతో కొనండి. వైరు మీద ఐఎస్ 694 (వైర్ల నాణ్యతకు భారత ప్రమాణం) అనీ, సైజూ అచ్చువేసి ఉంటాయి. చుట్ట విప్పకముందే అవి చదవండి.

ఎక్కువ ప్రమాదం ఎంసీబీ మార్చడంలో ఉంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పిలిస్తే, కొందరు 16 తీసేసి 32 పెట్టి వెళ్లిపోతారు. ట్రిప్ అవడం ఆగిపోతుంది, మనమూ సంతోషిస్తాం. కానీ ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. 2000 వాట్ల గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు, 1500 వాట్ల కెటిల్ ఒకే లైను మీద నడిస్తే 230 వోల్టుల దగ్గర దాదాపు 24 ఆంప్స్ లాగుతాయి. 16 ఆంప్స్ ఎంసీబీ అయితే గంటలోపే పడిపోతుంది. 32 అయితే ఎంతసేపైనా కదలదు. ఈలోగా గోడలో ఉన్న 2.5 స్క్వేర్ ఎంఎం వైరు కాగుతూనే ఉంటుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. ఆ పైన రోజూ కాగితే పెళుసెక్కి, పగిలి, చివరికి రెండు వైర్లూ తగులుకుంటాయి. లైట్లు, ఫ్యాన్ల 1.5 వైరుకు 6 లేదా 10 ఆంప్స్, 2.5 వైరుకు 16. ఇంతకు మించి పెడతానంటే వైరు కూడా మార్చమనండి. లేదా గీజరుకు విడి లైను వేయించుకోండి.

ఎంసీబీ సరిగ్గా ఉన్నా పసిగట్టలేని లోపం ఒకటుంది: లూజు కనెక్షన్. అక్కడ కరెంటు ఎక్కువ పారదు, అతుకు దగ్గర వేడి మాత్రం పుడుతుంది. ఆర్‌సీసీబీ కూడా దీన్ని పట్టలేదు, దాని పని కరెంటు బయటికి లీకైతే పట్టి, లైను ఆపేయడం. సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లగ్గు పిన్ను నల్లబడటం, చేపలు కుళ్లినట్టు వాసన, స్విచ్ వేసినప్పుడు చిటపటలు, ఇవే ఆనవాళ్లు. సాధారణంగా కారణం చిన్నదే. లావు వైరు టెర్మినల్‌లో పట్టలేదని నాలుగైదు రాగి పోగులు కత్తిరించేసి ఉంటారు, లేదా స్క్రూ రాగిని కాకుండా తొడుగును పట్టుకుని ఉంటుంది. బోర్డు మూసేముందు మెయిన్ ఆపించి, ప్రతి వైరునూ పట్టి లాగి చూపించమనండి. ఊడి వచ్చిందంటే అది రేపటి మంట.

ఎర్తింగ్ విషయంలో ఇంకో మోసపు పని జరుగుతుంది. ఎర్తు వైరు లేని పాత ఇళ్లలో సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. టెస్ట్ ల్యాంపు పెడితే చక్కగా వెలుగుతుంది కూడా. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఫ్రిజ్ బాడీకి, గీజరు బాడీకి కరెంటు వస్తుంది. అందుకని సాకెట్ విప్పించి, పచ్చ వైరు డీబీ దాకా విడిగా వెళ్తోందో లేదో కళ్లారా చూడండి. ఇలాంటి ఇంట్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెడితే అది మాటిమాటికీ పడిపోవచ్చు. "ఇది పాడైపోయింది, తీసేద్దాం" అంటే ఒప్పుకోకండి, ముందు ఆ ముక్క తీయించండి.

కూలి లెక్క తేల్చేముందు ఏసీని అరగంట నడపండి. ఆ తర్వాత మెయిన్ ఆపి, ప్లేటు మీదా ప్లగ్గు మీదా చేతి వెనక భాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మళ్లీ విప్పించాల్సిందే. ఆర్‌సీసీబీ మీద టి అక్షరం ఉన్న బటన్‌ను కరెంటు ఉండగా నొక్కితే వెంటనే పడాలి. కొన్ని నెలలకోసారి మీరే నొక్కి చూసుకోవచ్చు.

నిప్పు కరెంటుతోనే కాదు, వంటింట్లోనూ పుడుతుంది. గ్యాస్ పైపు మీద తేదీ ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చేయండి. లీకు అనుమానం వస్తే సబ్బు నురగతోనే చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ వద్దు. వాసన వస్తుంటే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికి వెళ్లి 1906కు ఫోన్ చేయండి. మూకుడులో నూనె అంటుకుంటే మూత పెట్టి స్టవ్ ఆపండి. నీళ్లు పోస్తే మంట ఎగిరి మీదికే వస్తుంది.

నిప్పు పుట్టాక బయటపడే దారి కూడా ముఖ్యమే. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. ఆ ఇంట్లోకి వెళ్లే దారి ఇరుకైనది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లున్న చోట మొదలైన మంటల పొగ మెట్లమీదుగా పై అంతస్తుల లాడ్జీకి ఎక్కింది. 8 మంది పోయారు. మీ ఇంట్లో స్కూటరు ఛార్జింగ్ మెట్ల కిందా, గుమ్మం పక్కనా పెట్టే అలవాటుంటే ఈ రోజే మార్చండి. బాల్కనీ గ్రిల్లుకు తాళం వేస్తుంటే, తాళంచెవి లోపలి నుంచి చీకట్లో తడుముకున్నా అందేలా, గ్రిల్లు పక్కనే కొక్కేనికి ఉండాలి. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండరు ఒకటి కొని వంటింటి గుమ్మం బయట తగిలించండి. స్టవ్ పక్కన పెడితే, అవసరమైనప్పుడు దాన్ని అందుకోవడానికి మంటను దాటాల్సి వస్తుంది.