కిల్‌ముయిర్‌లో మెక్వీన్ సమాధి

స్కాట్లండ్‌లోని స్కై దీవికి వచ్చేవాళ్ళు ఫెయిరీ పూల్స్, క్విరాంగ్ చూసుకుని వెళ్ళిపోతారు. నేను ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ కోసం వెళ్ళాను, అతని సమాధి ఇక్కడి కిల్‌ముయిర్ శ్మశానంలో ఉంది. దీవిలోని పోర్ట్రీ ఊళ్ళో ఒక్క రాత్రి గదికి తీసుకున్న డబ్బుతో తెనాలిలో నెల అద్దె కట్టేయొచ్చు, అంత పోసినా ఇచ్చింది ఇరుకు మంచం, ఒక కెటిల్.

బస్సు యూయిగ్ చేరేసరికి చాలామంది ఫెర్రీ కోసం దిగిపోయారు. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ ఎక్కడికని అడిగితే చెప్పాను. "బట్టలు కుట్టే అబ్బాయేగా, మా ఫ్లోరా ఉన్న చోటే" అంది. అంతకు మించి పరిచయం అక్కర్లేదన్నట్టు మళ్ళీ వాన గురించి మొదలుపెట్టింది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! ప్రపంచమంతా అతన్ని పుర్రెలు, రక్తం, పీడకలల డిజైనర్‌గానే చెప్పుకుంటుంది. కానీ అతను ట్యాక్సీ డ్రైవర్ కొడుకు, 16 ఏళ్ళకే బడి మానేసి లండన్‌లో టైలర్లకి పేరుపడ్డ సవిల్ రో వీధిలో కోట్ల పని నేర్చుకున్నవాడు. మా నాన్న కూడా టైలరే, కుట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, కటింగే అసలు విద్య అనేవాడు. 2015లో లండన్ వి అండ్ ఎ మ్యూజియంలో అతని బట్టల ప్రదర్శన 'సావేజ్ బ్యూటీ' చూసినప్పుడు, రేజర్ క్లామ్ అనే సముద్రపు చిప్పలతో చేసిన ఆ గౌను ముందు నించుని నాన్నకి చూపించలేకపోయానే అని బాధపడ్డాను. అప్పుడు జనం దాదాపు 5 లక్షలు, చివర్లో రాత్రంతా తెరిచి ఉంచారు.

ఇక్కడ కిల్‌ముయిర్‌లో ఒక్కరు కూడా లేరు. హోరుగాలి, ఎదురుగా సముద్రం, రాయి మీద అతని పేరు, కింద ఎవరో పెట్టిన గవ్వలు, తుప్పు పట్టిన సేఫ్టీ పిన్ను. అదే శ్మశానంలో పొడవాటి శిలువ కింద బస్సులో పెద్దావిడ చెప్పిన ఫ్లోరా, ఫ్లోరా మెక్‌డొనాల్డ్. 1746లో స్కాట్లండ్‌లోని కలోడెన్ దగ్గర బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం చేతిలో యుద్ధం ఓడిపోయాక, తల మీద వెల ఉన్న యువరాజు చార్లెస్‌కి పనిమనిషి బట్టలు తొడిగి, పడవలో స్కైకి దాటించిన మనిషి. ఆడబట్టలతో ఒక ప్రాణం కాపాడిందన్నమాట! మెక్వీన్ 2006లో 'విడోస్ ఆఫ్ కలోడెన్' పేరుతో చేసిన కలెక్షన్ ఆ యుద్ధంలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళ గురించే. అంతకు ముందు 1995లో చిరిగిన లేసు, టార్టాన్ అనే స్కాట్లండ్ గళ్ళ బట్టలతో 'హైలాండ్ రేప్' అనే కలెక్షన్ చేస్తే ఆడవాళ్ళని అవమానించాడని తిట్టారు. ఇంగ్లండ్ ఈ నేలకి చేసిందే చూపించానని అతను ఎంత చెప్పినా చాలామంది వినలేదు, నాకు ఇప్పటికీ కోపమే. ఊరికే భయపెట్టడానికి తెచ్చిన చీకటి కాదది, వాళ్ళ నాన్న వైపు పూర్వీకులది ఈ దీవే.

2010 ఫిబ్రవరిలో, తల్లి అంత్యక్రియలకి ముందు రోజు, 40 ఏళ్ళకే చనిపోయాడు. ఆ సంగతి అక్కడ నించుని తలుచుకోవడం కష్టమైంది.

వెళ్ళేవాళ్ళు ముందు ఫ్లోరా దగ్గర ఆగి, తర్వాత అతని దగ్గరికి నడవండి, రెండూ కలిపి చూస్తేనే అర్థమవుతుంది. తిరుగు బస్సు టైమ్ మాత్రం ముందే రాసిపెట్టుకోండి, ఒకటి పోతే ఆ గాలిలో చాలాసేపు నించోవాలి.